రెండు ఫోన్లు, భూలక్ష్మి ఏడుపు

భూలక్ష్మి పాత ఫోను కందిపప్పు నానబెట్టిన గిన్నెలో పడింది. ఆవిడ చూసుకునేసరికి పప్పుతోపాటు ఫోనూ నానింది. బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టారు, బాల్కనీలో ఎండబెట్టారు. భర్త శేషగిరి వెనక మూత ఊడదీసి లోపలికి నోటితో ఊది కూడా చూశాడు. అది మళ్ళీ కళ్ళు తెరవలేదు.

ఇంకెప్పుడైనా అయితే నాలుగు రోజులు భర్త ఫోనుతో సరిపెట్టుకునేది. ఇప్పుడలా కుదరదు. డాక్టరమ్మ ‘ఇక పనికి వెళ్ళొచ్చు’ అన్నది ఆ వారంలోనే.

భూలక్ష్మి పని డబ్బింగ్ చెప్పడం. పెళ్ళికి ముందు రేపల్లెలో నాటకాలు వేసేది. హైదరాబాద్ వచ్చి ఫిల్మ్‌నగర్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాక, పక్క వాటాలో ఉండే ఒకాయన “సంత సీనులో జనం గోలకి మనుషులు తక్కువయ్యారు, మీరూ రండమ్మా” అని స్టూడియోకి తీసుకెళ్ళాడు. ఆ రోజు గుంపులో నిలబడి “వంకాయలెట్టా?” అని అరిచి వచ్చింది. తరవాత నర్సుగా రెండు ముక్కలు, పనిమనిషిగా నాలుగు ముక్కలు. ఒకనాడు రావలసిన మనిషి రాకపోతే ఏడుపు సీను ఈవిడ చేత చెప్పించారు. అంతే, ఆవిడ దారి అక్కడ తిరిగింది. సినిమాల్లో, సీరియళ్ళలో, పొరుగు భాషల నుంచి వచ్చిన బొమ్మల్లో తల్లి ఏడ్చినా, అత్త కుమిలినా, వదిన వెక్కినా ఆ గొంతు చాలాసార్లు భూలక్ష్మిదే. “ఏడుపుకి భూలక్ష్మమ్మని పిలవండి” అన్నది జూబ్లీహిల్స్ డబ్బింగ్ థియేటర్లలో మామూలు మాట. ఆవిడ మొహం మాత్రం వీధి చివర పాలబూత్ అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

నిరుడు ఆ గొంతు జీరపోయింది. లోపల చిన్న కాయ ఏర్పడిందన్నారు. బంజారాహిల్స్ ఆసుపత్రిలో తీసేసి, కొన్ని నెలలపాటు నోరు విప్పొద్దన్నారు. “పెళ్ళయ్యాక ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేను” అని శేషగిరి హాస్యమాడి, ఆ పూట పెరుగు లేకుండా అన్నం తిన్నాడు. ఆఖరిసారి చూపించుకున్నప్పుడు డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది: “మాటకి ఢోకా లేదమ్మా. మీ పనికి కావలసినంత గొంతు వెనక్కొచ్చిందా లేదా అన్నది మాత్రం, పని చేసి చూస్తేగానీ నేనూ చెప్పలేను.”

ఆ చూడడానికే ఫోను కావాలి. ఇదివరకులా స్టూడియోకి పిలిచి గొంతు పరీక్షించడం తగ్గిపోయింది. గొంతులు కుదిర్చే కోఆర్డినేటర్ సీను ముక్కను వాట్సాప్‌లో పంపుతాడు. ఇంట్లో కూర్చుని చెప్పి, రికార్డు చేసి తిరిగి పంపాలి. నచ్చితే పిలుస్తారు. ఫోను లేని డబ్బింగ్ ఆర్టిస్టు ఇప్పుడు లేనట్టే లెక్క.

కృష్ణానగర్‌లో జగదీశ్ దుకాణం ఉంది. ఫోన్లు బాగుచేస్తాడు, ఒకరు వాడినవి ఇంకొకరికి అమ్ముతాడు. వాళ్ళమ్మ రోజూ చూసే పాత సీరియల్లో అత్తగారి గొంతు భూలక్ష్మిది. ఆ సంగతి తెలిసినప్పటినుంచి ఆవిడ అడుగు పెడితే చాలు, స్టూలు తుడిచి వేస్తాడు.

“పప్పుల ఏసినవా అమ్మా ఫోన్ను? ఉప్పు, కారం గూడ ఏస్తివా?” అని నానిన ఫోనును వాసన చూసి పక్కన పెట్టాడు. “ఇది అయిపోయింది. ఇగో, గీ రెండూ తీస్కపో. వాడి చూడు. ఏది మంచిగ అనిపిస్తే అది ఉంచుకో, ఇంకోటి తెచ్చి ఇయ్యి.”

“రెండూనా? డబ్బు కట్టకుండానే?”

“నువ్వు యాడికి పోతవమ్మా? రోజూ సాయంత్రం మా ఇంట్లనే గద కోడల్ని తిడుతుంటవ్. ఫికర్ చెయ్యకు, పో.”

అలా రెండు ఫోన్లు ఇంటికి వచ్చాయి. ఒకటి నీలం రంగుది, కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తుంది. రెండోది నల్లది, బరువైనది, ఒక మూల గీసుకుపోయి ఉంది.

నీలం ఫోనుకు ఇంట్లో మొదటి రోజునుంచే మర్యాద ఎక్కువ జరిగింది. మొహం చూపిస్తే చాలు, తెరుచుకుంటుంది. నల్లదానికి వేలు ఆనించాలి. అంట్లు తోమి తోమి అరిగిపోయిన భూలక్ష్మి వేలిని అది ఒక పట్టాన ఒప్పుకోదు. “నేనే తల్లీ, నేనే” అని చీరకొంగుకు వేలు తుడిచి మళ్ళీ ఆనించాలి. నీలందాంట్లో టోలిచౌకిలో ఉండే చెల్లెలు నాగేశ్వరి వీడియోలో కనిపిస్తే, ఆవిడ వెనకాల గోడమీది బల్లి కూడా స్పష్టంగా కనిపిస్తుంది. నల్లదాంట్లో చెల్లెలే మసక. అయితే నల్లదాంట్లో అక్షరాలు పెద్దవి. చార్జింగు పొద్దున పెడితే మర్నాడు పొద్దున దాకా వస్తుంది. నీలంది సాయంత్రమయ్యేసరికి సొమ్మసిల్లుతుంది, ఎండలో తీస్తే చెయ్యి కాలుతుంది. కూరల బండి దగ్గర డబ్బు చెల్లించడానికి స్కాన్ చేస్తే నీలంది చటుక్కున పట్టుకుంటుంది, నల్లది కాసేపు ఆలోచిస్తుంది. కింద పడితే మాత్రం నల్లది లేచి దులుపుకున్నట్టే ఉంటుంది.

శేషగిరి ఓటు నీలానికే. కింది వాటాలో చీరలకు ఫాల్స్ కుట్టే బాలమణి రెండూ చేతుల్లో పట్టుకుని చూసి, “నల్లదే తీస్కో అక్కా. గట్టిగ వినొస్తది. నీలందేమో పట్టుకుంటె జారిపోయేటట్టే ఉంది” అంది.

భూలక్ష్మి మనసు నీలం వైపే మొగ్గింది. దానికి కారణం కెమెరా కాదు.

ఇంట్లో శాంపిల్ రికార్డు చేయడమంటే ఆవిడకు పెద్ద తతంగం. ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. కుక్కరు ఎక్కించకూడదు. కిటికీ మూసి, దుప్పటి అడ్డం కట్టి, చెమటలు కక్కుతూ చెప్పాలి. అయినా ఎక్కడో ఎవరో డ్రిల్లింగ్ మొదలుపెడతారు. చప్పుడంటే డబ్బింగ్ వాళ్ళకు పాములాంటిది. ఆ రోజు ఫ్యాన్ ఆపడం మరిచిపోయి నీలం ఫోనులో నాలుగు మాటలు చెప్పి విన్నది. ఫ్యాన్ లేదు! కింద బాలమణి కుట్టుమిషను లేదు, పావురాలు లేవు. ఆవిడ గొంతొక్కటే, అద్దాల గదిలో నిలబడి చెప్పినట్టు ఉంది.

“ఏవండీ, ఇది విన్నారా? స్టూడియోలా ఉంది!” అని భర్త చెవి దగ్గర పెట్టింది.

“మరింకేం? ఇదే ఉంచేసుకో” అన్నాడు శేషగిరి పేపరు దించకుండా.

సిమ్ నీలందాంట్లోకి వేసి, తనకు తెలిసిన కోఆర్డినేటర్లందరికీ ‘నేను వచ్చేశాను’ అని కబురు పెట్టింది. అందరికంటే ముందు సూర్యప్రకాశరావు ఫోన్ చేశాడు. గుంపులో వంకాయల బేరం చెప్పిన రోజులనుంచీ ఆయన ఆవిడను ఎరుగును.

“అమ్మా, దేవుడు పంపినట్టు వచ్చారు. ఒక పెద్ద సినిమా, తల్లి పాత్ర. చిన్నదే, కానీ సినిమా అంతా దానిమీదే నిలబడుతుంది. సీను పంపిస్తున్నాను, చూసి శాంపిల్ పంపండి.”

పోలీస్ స్టేషన్లో సీను. ఒకామెను బల్ల దగ్గర నిలబెట్టి ఒక జత చెప్పులు చూపిస్తారు. ఆమె వాటిని చూస్తుంది. చాలాసేపు చూస్తుంది. “ఆ చెప్పులు మా ఆయనవే బాబూ” అంటుంది. ఉన్న మాట అదొక్కటే. మిగతాదంతా మాట ముందు గొంతులో అడ్డం పడే గాలి, మాట మధ్యలో విరిగే ఊపిరి, మాట తరవాత ఆగని వెక్కు.

భూలక్ష్మి ఆ బొమ్మను కళ్ళు మూసుకున్నా కనిపించేదాకా చూసింది. తరవాత నీలం ఫోను ముందు కూర్చుని చెప్పింది. చెబుతున్నప్పుడు బాగానే ఉన్నట్టనిపించింది. ఛాతీ కదిలింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రికార్డింగు పెట్టి విన్నది.

“ఆ చెప్పులు మా ఆయనవే బాబూ.”

అంతే. గుడి దగ్గర మారిపోయిన చెప్పుల గురించి చెబుతున్నట్టుంది.

మళ్ళీ చెప్పింది. ఇంకా లోపలినుంచి తెచ్చి చెప్పింది. మళ్ళీ అదే. శుభ్రంగా, చల్లగా, ఎవరి చెప్పులో ఎవరికో అప్పజెబుతున్నట్టు.

చెబుతున్నప్పుడు తమ చెవులకు వినబడేదాన్ని డబ్బింగ్ వాళ్ళు నమ్మరు. గొంతు తలలోపల మోగుతుంది కాబట్టి ఎవరికి వాళ్ళు గొప్పగానే వినబడతారు. స్పీకర్లో తిరిగి వచ్చిందే నిజం. ఆవిడకు పని నేర్పిన పెద్దలు మొదటి రోజే చెప్పిన మాట అది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అది తప్పలేదు. అందుకే ఛాతీ కదిలిన సంగతి, కళ్ళు తడిసిన సంగతి ఆవిడ లెక్కలోకి తీసుకోలేదు. ఉన్నవాటిలో మేలనిపించిందాన్ని పంపింది.

సాయంత్రం సూర్యప్రకాశరావు గొంతు జాగ్రత్తగా అడుగులు వేస్తూ వచ్చింది. “మాట క్లియర్‌గా ఉందమ్మా. పెదాలకి సింక్ కరెక్ట్. కానీ... ఎలా చెప్పను... లోపల ఏమీ లేదమ్మా. చదివినట్టుంది. ఇంకోసారి చేస్తారా?”

ఇంకోసారి చేసింది. మర్నాడు మరోసారి చేసింది. గదిలో తలుపేసుకుని, దుప్పటి కట్టుకుని, చచ్చిపోయిన మేనత్తను తలుచుకుని, ఆసుపత్రి పరుపుమీద మాట రాక పడుకున్న మొదటి రోజును తలుచుకుని చేసింది. నీలం ఫోను అన్నిటినీ ఒకేలా తిరిగి వినిపించింది.

“కొన్నాళ్ళు రెస్ట్ తీసుకోండమ్మా. మళ్ళీ చూద్దాం” అన్నాడు రావు.

ఫిల్మ్‌నగర్‌లో ‘మళ్ళీ చూద్దాం’ అంటే ఏమిటో అక్కడ బతికినవాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

శేషగిరి ఆఫీసునుంచి వచ్చి “రావుగారు ఏమన్నారు?” అని అడిగితే, “చూస్తానన్నాడు” అని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. ఆ పూట కూరకు ఉల్లిపాయలు అక్కర్లేదు.

డాక్టరమ్మ చెప్పిన ‘పని చేసి చూడటం’ అయిపోయింది అనుకుంది. మాట మిగిలింది. ఏడుపు పోయింది. కాయతోపాటు దాన్ని కూడా కోసి ట్రేలో పడేశారు కాబోలు. మర్నాడు శేషగిరి ఆఫీసుకు వెళ్ళాక సిమ్ తీసి నల్ల ఫోనులో వేసింది. చెల్లెలితో మాట్లాడుకోవడానికీ, పాలవాడికి డబ్బు చెల్లించడానికీ ఇది చాలు. స్టూడియోలాంటి ఫోనుతో ఇక పనేముంది? నీలందాన్ని డబ్బాలో పెట్టి, జగదీశ్‌కి ఇచ్చెయ్యడానికి గుమ్మం పక్కన బల్లమీద ఉంచింది.

నల్ల ఫోనుకు మొదట వచ్చింది చెల్లెలి శుభోదయం. గులాబీ పువ్వు, కింద సూక్తి. దానికి దండం పెట్టిన బొమ్మ ఒకటి పంపి, ఫోను పట్టుకుని ఊరికే కూర్చుంది. ఫ్యాన్ తిరుగుతోంది. కింద మిషను టకటకలాడుతోంది. ఎవరూ వినని చోట, ఎవరికీ పంపనక్కర్లేకుండా, ఒక్కసారి ఆ మాట అనుకోవాలనిపించింది. ఏడుపు వృత్తిగా ఉన్న మనిషికి చివరి ఏడుపన్నా సొంతంగా ఏడవాలనిపించదూ?

ఈ ఫోనులో రికార్డింగు ఎక్కడ ఉందో ఆవిడ వెతకలేదు. తెరిచి ఉన్నది చెల్లెలి పేరే. దాంట్లోనే మైకు బొమ్మ నొక్కి పట్టుకుంది. తను విని, చెల్లెలు చూసేలోపు తుడిచేద్దామనుకుంది.

చెప్పింది. ఫ్యాన్ ఆపలేదు, కిటికీ మూయలేదు. చెప్పుల్ని చూసింది. గొంతులో గాలి అడ్డం పడింది. “ఆ చెప్పులు... మా ఆయనవే... బాబూ.” ఆ తరవాత వచ్చింది సీనుకోసం వచ్చింది కాదు. వేలు వదిలేసి, ఫోను మంచమ్మీద బోర్లా పడేసి, పనిలో ఉన్నప్పటి అలవాటుకొద్దీ దాని శబ్దం ఎప్పుడో ఆపేసి ఉన్న సంగతి గుర్తులేక, మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

చాలాసేపటికి కుళాయి కట్టేసేసరికి తలుపు విరిగేలా మోగుతోంది.

“అక్కా! ఓ అక్కా! తలుపు తియ్యి! అయ్యో దేవుడా, ఏమైంది, ఎట్లైంది!”

తలుపు తీస్తే బాలమణి. మెడలో కొలతల టేపు, నోట్లో గుండుసూది, ఒక చేతిలో సగం కుట్టిన చీర. సూది తీసి కొంగుకు గుచ్చుకుని భూలక్ష్మిని గట్టిగా కౌగలించుకుంది. “ఏడువకు. ఏడువకు అక్కా. నేనున్న. సారు యాడున్నడు? ఏ దవాఖానల ఉన్నడు?”

“ఎవరు?”

“సారు!”

“ఆయనకేమైంది?” భూలక్ష్మి బాలమణి భుజాలు పట్టుకుంది.

“నన్నడుగుతవేంది? నీ చెల్లె ఫోన్ చేసి ఒకటే ఏడుపు. సారు చెప్పులు పోలీసోళ్ళ దగ్గర ఉన్నయంట. నీకు చేస్తే ఎత్తుతలేవంట. ఆటోల వస్తున్నరు ఆమె, ఆమె మొగడు. సారుకు చేస్తే ఆయన గూడ ఎత్తుతలేడంట!”

భూలక్ష్మికి విషయం ఒక్కొక్క మెట్టే ఎక్కింది. చెప్పులు. చెల్లెలు. నల్ల ఫోను. పరుగెత్తి మంచమ్మీది ఫోను తిప్పి చూసింది. తెరనిండా నాగేశ్వరి పేరే. దాంతోపాటు తను వినని రికార్డింగు. దాన్ని నొక్కింది.

ముందు ఫ్యాన్ వచ్చింది. తరవాత కింద మిషను. ఆ రెండింటి వెనకనుంచి ఒక ఆడమనిషి ఊపిరి పీల్చి, వదలలేకపోయింది. ఆ చెప్పులు, అంది. ఆగింది. ఆ ఆగినచోట ఏదో చిన్నగా చిట్లింది. మా ఆయనవే, అంది. బాబూ అన్న మాట సగంలో మునిగిపోయి, వెక్కు పైకి తేలింది.

బాలమణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఇదే అక్కా. ఇదే వినిపించింది నీ చెల్లె నాకు.”

భూలక్ష్మి ఇంకోసారి పెట్టింది. “ఇది నేనేనా?” అంది.

“మరెవ్వరు, నేనా?”

అప్పుడే మెట్లమీద చెప్పుల చప్పుడైంది. శేషగిరి టిఫిన్ డబ్బా మరిచిపోయి, బండి చప్పుడులో ఫోను మోగిన సంగతి కూడా తెలియకుండా వెనక్కి వచ్చాడు. గుమ్మంలో ఇద్దరాడవాళ్ళు ఆయన మొహం వంక కాదు, కాళ్ళ వంక చూశారు. ఆయన కూడా కంగారుపడి కిందకు చూసుకున్నాడు.

“ఏమే, ఏమైనా తొక్కొచ్చానా?”

బాలమణి నేలమీద చతికిలబడి పడీపడీ నవ్వింది. “సచ్చినోడు బతికొచ్చిండక్కా! చెప్పులతోని వచ్చిండు!”

“ఎవరు చచ్చారు?” అన్నాడు శేషగిరి.

“మీరేనండీ. ముందు నాగేశ్వరికి ఫోన్ చెయ్యండి. ఆటో ఆపమనండి!”

ఆటో అప్పటికే టోలిచౌకి దాటేసిందట. ఫోనులో మరదలి గొంతు ఇల్లంతా వినబడింది. “బావా! మీరేనా? నిజంగా మీరేనా? అక్కకి ఇవ్వండి. ఏమే, నీకు బుద్ధుందా? పొద్దున్నే చెల్లెలికి పంపే శుభోదయమా ఇది? మా ఆయన అప్పుడే చుట్టాలందరికీ చెప్పడానికి తయారయ్యాడు తెలుసా?”

“నీకు... నిజంగా ఏడుపులా వినిపించిందా?” అని అడిగింది భూలక్ష్మి.

“పిచ్చి పట్టిందా నీకు? చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కానే!”

భూలక్ష్మి చెల్లెల్ని పెట్టెయ్యమని కూడా చెప్పకుండా గుమ్మం పక్క డబ్బాలోంచి నీలం ఫోను తీసింది. భోజనాల బల్లమీద రెండింటినీ పక్కపక్కనే పెట్టింది. రెండింట్లోనూ రికార్డింగు ఎక్కడుందో శేషగిరి చేత వెతికించి ఒక్కసారే నొక్కించింది. కుర్చీ లాక్కుని కూర్చుని, వాళ్ళందరి ముందే ఆ సీను మళ్ళీ చెప్పింది. ఒకే గొంతు, ఒకే ఊపిరి, ఒకే వెక్కు.

ముందు నీలందాన్ని విన్నారు. “ఆ చెప్పులు. మా ఆయనవే. బాబూ.” మాటకూ మాటకూ మధ్య కత్తెరతో కోసినట్టు నిశ్శబ్దం. ఫ్యాన్ లేదు. ఊపిరి లేదు. వెక్కు మొదలయ్యేచోట ఏమీ లేదు.

తరవాత నల్లదాన్ని విన్నారు. అందులో ఫ్యాన్ ఉంది, శేషగిరి సణుగుడుంది, బాలమణి గాజులున్నాయి. ఏడుపూ ఉంది. ఎదుట కూర్చుని చూసినదే అయినా బాలమణి చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“ఇది చప్పుడనుకుందండీ” అంది భూలక్ష్మి నీలం ఫోనును చూపిస్తూ. “ఫ్యాన్‌నీ, పావురాల్నీ తీసేసినట్టే నా ఏడుపునీ తీసేసింది. మాట ఒక్కటే ఉంచింది.” అలా చెబుతూనే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఛాతీ మీద ఎవరో పెట్టిన రోలు ఎవరో దించినట్టుంది. “నేను పోలేదండీ. నా గొంతు ఉంది. ఉంది!”

శేషగిరికి అప్పటికిగానీ భార్య ఈ నాలుగు రోజులూ ఏం మోస్తోందో అర్థం కాలేదు. “చెప్పొచ్చుగా, లక్ష్మీ” అన్నాడు నెమ్మదిగా. తరవాత ఏమనాలో తెలియక, “ఉండు, మంచినీళ్ళు తెస్తాను” అని వంటింట్లోకి వెళ్ళి, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు.

రావుకు పంపినప్పుడు ఆవిడ ఏ సంజాయిషీ రాయలేదు. ఫ్యాన్‌తో, గాజులతో, నల్లదాంట్లోది ఉన్నదున్నట్టు పంపింది. సీను ఈపాటికి ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారని మనసుకు ముందే చెప్పుకుంది. కూర పొయ్యిమీద ఉండగా ఆయనే ఫోన్ చేశాడు.

“భూలక్ష్మిగారూ, ఇది ఎప్పుడు చేశారు?”

“ఇప్పుడేనండీ. చప్పుడు ఉంది, ఏమీ అనుకోకండి.”

“చప్పుడు ఎవరు పట్టించుకుంటారమ్మా! డైరెక్టరుగారు ఇద్దరితో చెప్పించి చూశారు, ఒప్పుకోలేదు. రేపు పొద్దున్నే రాగలరా?” ఆగి, గొంతు తగ్గించాడు. “మీరు మొన్న పంపినవి విన్నాక నాకు అన్నం దిగలేదమ్మా. నిజం చెబుతున్నాను.”

“నాకు మాత్రం దిగిందాండీ?” అంది భూలక్ష్మి.

మధ్యాహ్నం రెండు ఫోన్లూ సంచీలో వేసుకుని కృష్ణానగర్ వెళ్ళింది. జగదీశ్ కథంతా విని, నీలం ఫోను లోపల ఏవేవో నొక్కి, నుదురు కొట్టుకున్నాడు.

“నా తప్పే అమ్మా. దీన్ని మొదలు వాడినాయన బండిమీద తిరుగుతనే మాట్లాడేటోడు. ట్రాఫిక్ చప్పుడు రావొద్దని చప్పుడు తీసేసే సెట్టింగ్ ఆన్ చేసి పెట్టుకున్నడు. మాట కానిదంతా తీసి పారేస్తది. నేను చూసుకోలే.”

“ఏడుపు మాట కాదా నాయనా?”

“దానికేం ఎరుకమ్మా, మిషను గద. ఇగో, బంద్ చేసిన. ఇప్పుడు మంచిగ పట్టుకుంటది. జర చెప్పి చూడు.”

దుకాణంలో అందరి ముందూ ఏడవడానికి ఆవిడకు మొహమాటమేసింది. చిన్నగా దగ్గి, ఊపిరి ఒకటి విడిచింది. నీలం ఫోను దాన్ని పొల్లుపోకుండా వినిపించింది.

“చూసినవా? ఇప్పుడు రెండూ ఒక్కటే. నువ్వు నీలందే తీస్కో. కెమెరా మస్తుంటది. నీ మొహం ఎంత మంచిగొస్తదో తెలుసా?”

“నా మొహం ఎవరిక్కావాలి?” అని భూలక్ష్మి నవ్వింది. “నల్లదే ఉంచుకుంటాను. అక్షరాలు పెద్దవి, చార్జింగు ఉంటుంది. డబ్బింగ్ థియేటర్లో పొద్దున కూర్చుంటే ఎప్పుడు వదులుతారో తెలియదు. ఆ వేలిముద్ర ఒకటి మాత్రం సరిగ్గా చూడు. ఇంటావిడనని నమ్మడం లేదు.”

జగదీశ్ ఆవిడ వేలికి నాలుగు వైపులా ముద్రలు వేయించి పంపాడు.

మర్నాడు జూబ్లీహిల్స్ డబ్బింగ్ థియేటర్లో భూలక్ష్మి మైకు ముందు నిలబడింది. అద్దం అవతల సౌండ్ ఇంజినీరు, అతని పక్కన డైరెక్టరు. కుర్రాడే, కళ్ళకింద నిద్రలేమి ఉంది. మూలన సూర్యప్రకాశరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెరమీద బల్ల, బల్లమీద చెప్పులు. హెడ్‌ఫోన్సులో ఆవిడకు మొదట తన ఊపిరి వినబడింది. అది వినబడినందుకే గుండె నిమ్మళించింది.

బొమ్మ కదిలింది. ఆవిడ చెప్పుల్ని చూసింది.

సీను ముగిసింది. తరవాత డైరెక్టరు మైకు నొక్కి గొంతు సవరించుకున్నాడు. ఇబ్బంది పడుతున్నట్టున్నాడు.

“అమ్మా, ఏమీ అనుకోకండి. చాలా బాగా చేశారు. కానీ... కొంచెం ఎక్కువైంది. ఏడుపు కొద్దిగా తగ్గిద్దామా?”

కిందటేడు ఎవరైనా ఆ మాట అంటే భూలక్ష్మి మూతి ముడిచేది. తన ఏడుపు ఎంత ఉండాలో ఈ పిల్లలు చెప్పడమేమిటని ఇంటికెళ్ళేదాకా సణిగేది. ఇప్పుడు అద్దంలోంచి ఆ కుర్రాడి వంక చూసి, నోరారా నవ్వింది.

“తగ్గిస్తాను బాబూ” అంది. “ఎంతంటే అంత తగ్గిస్తాను.”